ముదీఫ్‌లో అనకూడని మాట

సబ్రియాకు తన్నులు కొత్త కాదు. ఇరాక్‌లో అమారా చుట్టుపక్కల చిత్తడి పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళకు రొమ్ము ఎలా తడిమి చూసుకోవాలో చెప్పే పని నెత్తిన వేసుకుని ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఆమె మీదికి కుక్కల్ని ఉసిగొల్పారు, పేడనీళ్ళు కుమ్మరించారు. ఒకచోట ఒక ముసలాయన చేపలు పొడిచే బల్లెం విసిరాడు. ఆయన గురి తప్పింది గానీ సబ్రియా గురి తప్పలేదు. ఆయన కూతుర్ని పట్నం లాక్కుపోయి, ఆపరేషన్ చేయించి, బతికించి తెచ్చి అప్పజెప్పింది.

తొమ్మిదేళ్ళ కిందట ఆమెకే ఎడమ రొమ్ము తీసేశారు. ఆ ఖాళీలో ఇంత దూది కుక్కుకుని, పైన నల్ల అబాయా కప్పుకుని, చేతిసంచీలో ఒక రబ్బరు రొమ్ము వేసుకుని బయల్దేరేది. దాంట్లో గడ్డ ఎక్కడుందో వెతకమని ఆడవాళ్ళ చేతికిచ్చేది. వాళ్ళు మొదట సిగ్గుతో చచ్చేవాళ్ళు, తరవాత పడీపడీ నవ్వేవాళ్ళు, ఆ తరవాత ఒకరో ఇద్దరో నవ్వు ఆపేసి ఆమెను పెరట్లోకి పిలిచేవాళ్ళు. ఆ ఒకరిద్దరి కోసమే ఆమె తిరుగుడంతా.

ఖజ్నా అనే ముసలామె ఇంట్లో అలా పిలిచింది ఆమె కోడలు తిస్వాహిన్. గేదెల కొట్టంలోకి పిలిచి, కుర్తా పైకెత్తింది.

గడ్డ కోడిగుడ్డంత ఉంది. దాని చుట్టూ నాలుగు వైపులా నాలుగు వాతలు, ఇనప చువ్వ ఎర్రగా కాల్చి నొక్కినవి. ఒకదానిలోంచి చీము కారుతోంది.

"ఎవరు చేశారే ఇది?" అంది సబ్రియా.

"అత్త. జబ్బు ఎటూ పారిపోకుండా నాలుగు దిక్కులా కట్టేస్తుందంట. ఆయన నా నోట్లో గుడ్డ కుక్కి కాళ్ళమీద కూర్చున్నాడు." ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "పిన్నీ, నేను చచ్చిపోతానా?"

"కోయించుకుంటే చావవు. ఇలా కాల్పించుకుంటూ కూర్చుంటే చస్తావు."

ఈ పిల్ల కోసం అడిగేవాడు లేడని సబ్రియాకు తెలుసు. ఆరేళ్ళ కిందట గేదెల మేత దగ్గర గొడవైతే, తిస్వాహిన్ అన్న లఫ్తా తుపాకి తీసి ఖజ్నా పెద్దకొడుకును కాల్చి చంపాడు. రెండు తెగల పెద్దలూ కూర్చుని, పోయిన ప్రాణానికి బదులుగా ఈ పిల్లను ఖజ్నా చిన్నకొడుకు చాసిబ్‌కు కట్టబెట్టారు. అలా వచ్చినదాన్ని ఫస్లియా అంటారు. గోరింటాకు ఉండదు, పాట ఉండదు, అలిగి పోవడానికి పుట్టిల్లూ ఉండదు. చంపింది అన్న, శిక్ష చెల్లెలికి. మా పెద్దల న్యాయం అంత గొప్పది మరి!

అప్పుడే చాసిబ్ కొట్టంలోకి వచ్చాడు. పెళ్ళాం కుర్తా దించుకునే లోపే చెంప పగిలింది. రెండో దెబ్బకు ఆమె గేదె కాళ్ళ మధ్య పడింది. అతను సబ్రియాను అబాయా పట్టి వాకిట్లోకి ఈడ్చి, సంచీ లాక్కుని బోర్లించాడు. రబ్బరు రొమ్ము దొర్లుకుంటూ పోయి వాకిలి మధ్యలో ఆగింది.

పొయ్యి దగ్గర రొట్టెలు తడుతున్న ఖజ్నా చూసి ఉమ్మేసింది. "తెచ్చిందమ్మా మహాతల్లి, తనది పోగొట్టుకుని ఊరికి పంచడానికి!"

చాసిబ్ దాన్ని బూటుతో తొక్కాడు. అది చదునైంది. కాలు తీయగానే మళ్ళీ పొంగింది. ఇంకోసారి తొక్కాడు, ఇంకోసారి పొంగింది. వాకిట్లో పిల్లలు కిసుక్కుమన్నారు. దాంతో అతనికి నషాళానికెక్కింది. నడుముకున్న పిస్తోలు తీసి రెండు గుండ్లు దానికి దండగ చేశాడు.

"ఈసారి మా ఆడదాని ఒంటిమీద చెయ్యేస్తే నీ రెండోది కోసి కుక్కలకేస్తా" అన్నాడు.

"అది కూడా రబ్బరే అనుకున్నావా?" అంది సబ్రియా లేస్తూ. ఆ మాటకు అతను తన్నిన తన్ను డొక్కలో తగిలింది. కాలవగట్టు దాకా వంగే నడిచింది.

దెబ్బ తగ్గలేదు, కోపం అంతకన్నా తగ్గలేదు. పట్నంలో సబ్రియా పనిచేసే రోగుల సంఘం ఆడవాళ్ళు "నెమ్మదిగా పోదాం, ఇంకోసారి నచ్చజెబుదాం" అన్నారు. నచ్చజెప్పే లోపు ఆ గడ్డ ఊరుకుంటుందా? ఆమె మర్నాడే లఫ్తా దగ్గరికి పోయింది.

లఫ్తా పడవలో వల చిక్కులు తీస్తున్నాడు. సంగతంతా విని తల దించుకున్నాడు. "ఇచ్చేసిన పిల్ల పిన్నీ. ఇచ్చాక దానిమీద మాకు మాట లేదు."

"నువ్వు కాల్చావు కాబట్టి ఇచ్చారు. నీ ప్రాణం కోసం దాన్ని గేదెల కొట్టంలో పారేసి, ఇప్పుడు మాట లేదంటావా? మాట లేకపోతే సిగ్గన్నా ఉందా?"

"నన్నేం చెయ్యమంటావు?"

ఇక్కడ సబ్రియా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మా వైపు తగువు మొదలైందని చెప్పడానికి ఎవరూ ఉత్తరం రాయరు. పట్టపగలు ఇంటిముందుకొచ్చి తుపాకులు పేల్చి పోతారు. దాన్ని దక్కా అంటారు. గోడలకు చిల్లులు పడాలి, మనుషులకు పడకూడదు. ఆ తరవాత పెద్దలు కూర్చోక తప్పదు, కూర్చుంటే సంగతి బయట పడకా తప్పదు. కాల్పుల దాకా వచ్చిందంటే చాసిబ్ ఆ పిల్లను ఆసుపత్రికి పంపి తీరాలి.

"గోడమీద కాల్చు. పైకి కాల్చు. మనిషికి తగిలిందో, నేనే నిన్ను చంపుతా" అంది.

లఫ్తా ముఖంలోకి ఆరేళ్ళుగా లేని నెత్తురు వచ్చింది. ఏడేళ్ళ కరపత్రాలతో కానిది ఒక్క మధ్యాహ్నం తుపాకితో అయిపోతుందని సబ్రియాకు లోలోపల సంతోషమేసింది. ఆ సంతోషం గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు కంపరం పుడుతుంది.

గురువారం మధ్యాహ్నం రెండు బండ్లలో వచ్చారు లఫ్తా, అతని పినతండ్రి కొడుకులు. సబ్రియా కాలవకు ఇవతల, రెల్లు మాటున కూర్చుంది. వాడు పైకి కాలుస్తాడో లేదో కళ్ళారా చూడాలని వచ్చింది. పైకే కాల్చాడు పాపం. మిద్దె పిట్టగోడ పొడి పొడిగా రాలింది, కిటికీ అద్దాలు పోయాయి, గేదెలు కట్టుతాళ్ళు తెంపుకుని నీళ్ళలోకి దూకాయి. లోపల ఆడవాళ్ళ ఏడుపులు.

అప్పుడు ఖజ్నా బయటికొచ్చింది. చేతులకు పిండి అంటుకునే ఉంది. మా వైపు ఆడది అడ్డొస్తే తుపాకి దించాలి, అది రివాజు. ఆ ధీమాతోనే వచ్చింది. "కాల్చరా, నా కొడుకుని తిన్నవాడా! నన్ను కూడా కాల్చు, కడుపు నిండుతుంది!" అని గుండెలు బాదుకుంటూ బండ్లకు ఎదురు నడిచింది.

లఫ్తా తుపాకి దించాడు. వెనక బండిలోవాడు ఒక్క క్షణం ఆలస్యంగా దించాడు. ఆ ఆఖరి గుండు ఇనప నీళ్ళట్యాంకుకు తగిలి, దిశ మారి, ఖజ్నా ఎడమ భుజంలో దిగబడింది.

ఆమె కూర్చున్నట్టుగా కూలబడింది. బండ్లు దుమ్ము రేపుకుంటూ పోయాయి. సబ్రియా అన్నీ మరిచి కాలవలోకి దిగి, నడుము లోతు నీళ్ళలో అటు పరిగెత్తింది. నెత్తురు ఆపడానికి భుజాన్ని రెండు చేతులా అదిమి పట్టింది. చాసిబ్ తల్లిని బండిలోకి ఎత్తుతుంటే ఆమె కూడా ఎక్కేసింది. దిగమనే తీరిక అతనికి లేదు.

ఆసుపత్రిలో మగవాళ్ళను బయటే ఆపారు. డాక్టరమ్మ కత్తెరతో దుస్తులు కోయడం మొదలుపెట్టింది. ఖజ్నా దెబ్బ తగలని చేత్తో ఆ కత్తెర పట్టుకుంది, అరచెయ్యి తెగినా వదల్లేదు. "వద్దు. భుజం చూడు. భుజమే చూడు!"

ఇద్దరు నర్సులు చెయ్యి విడిపించారు. లోపల గుడ్డలు, గుడ్డల కింద గుడ్డలు, వాటి మధ్య కాఫీ పొడి, దంచిన లవంగాలు. ఆఖరి పొర తీసేసరికి వాసనకు చిన్న నర్సు మొహం తిప్పుకుంది. ఎడమ రొమ్ము ఉండాల్సినచోట నల్లగా కుళ్ళిన గుంట. దాని చుట్టూ పాత వాతలు, వరసలు వరసలుగా, లెక్కలేనన్ని.

ఏడేళ్ళుగా ఆమెను ఊరంతా వినేలా తిట్టిన నోరు ఇది. ఇన్నాళ్ళూ కింద దీన్ని మూటగట్టుకుని రొట్టెలు తట్టింది, గేదెలు పితికింది.

గుండు తీసి కట్టు కట్టాక, ఇద్దరే ఉన్నప్పుడు ఖజ్నా కళ్ళు తెరిచింది. "చూశావుగా. తృప్తేనా?"

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది. కాలిస్తే ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కాలిస్తే ఆగింది. అందుకే దానికీ కాల్చా." ఊపిరి తీసుకుంది. "అది నా కొడుకుని తిన్నవాడి చెల్లెలు. దానిమీద నాకేం ప్రేమ లేదు. కానీ చంపాలనే ఉంటే నాకు ఇనుమెందుకు, కొట్టంలో తాళ్ళు లేవా? నాకు తెలిసిన మందు చేశా."

సబ్రియాకు ఆమెను కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "నీకు కూడా మందులున్నాయి అక్కా. నయం కాకపోయినా నొప్పి లేకుండా..."

"నోర్ముయ్. నా కూతురికి ఎదిగిన ఆడపిల్లలున్నారు. ఆ జబ్బున్న ఇల్లని తెలిస్తే వాళ్ళని ఎవడు చేసుకుంటాడు? విను సబ్రియా. నీకు తిస్వాహిన్ కావాలి. దాన్ని కోయించుకో, మందులు ఎక్కించుకో, ఏం చేసుకుంటావో చేసుకో. గుండు దెబ్బ తిన్నది నేను కాబట్టి నా మాట మగాళ్ళు వింటారు. బతికితే కోడలికి వైద్యం చేయిస్తానని మొక్కుకున్నానంటా. నాకు మాత్రం నా గుడ్డలు నాకు కట్టేసెయ్. దీని సంగతి నీ నోటి నుంచి బయటికి రాకూడదు. కర్బలాలో చేతులు తెగి ప్రాణమిచ్చిన హజ్రత్ అబ్బాస్ మీద ఒట్టెయ్."

దాచొద్దు, చెప్పండి, నలుగురికీ చూపండి అని ఏడేళ్ళు గొంతు చించుకున్న మనిషి సబ్రియా. ఒక ప్రాణం కావాలంటే ఇంకొకటి దాచి పాతెయ్యాలంది ఈ ముసలిది. అబ్బాస్ మీద ఒట్టు వేసి తప్పితే ఆయన ఊరుకోడని మా పసిపిల్లలకు కూడా తెలుసు.

వేసింది ఒట్టు. గుడ్డలు తనే కట్టింది.

ఖజ్నా మాట నిలబెట్టుకుంది. కాల్పుల మీద ఫిర్యాదు లేదంది, మొక్కు మొక్కు అంటూ చాసిబ్ చెవిలో ఇల్లుకట్టుకుని పోరింది. రెండు వారాల్లో తిస్వాహిన్‌కు ఆపరేషన్ అయింది. ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. సంఘం ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఆమె పక్కన కూర్చున్నారు, వాంతులు ఎత్తిపోశారు. జుట్టు రాలిపోతుంటే తలకు గుడ్డ కట్టి "ఇప్పుడు నీ మొగుడు జుట్టు పట్టుకుని ఈడుస్తాడన్న భయం లేదు, సుఖపడ్డావు" అని నవ్వించారు. ఆ పిల్ల నవ్వడం సబ్రియా అదే మొదలు చూడటం.

నాలుగోసారి మందు ఎక్కాక, ఖజ్నా ఇంట్లోనే పోయింది. గుండె ఆగిందని ఎవరో కాగితం రాశారు. శవాన్ని నజఫ్ పుణ్యక్షేత్రానికి తీసుకుపోయి కడిగించి పాతిపెట్టారు. కడిగిన ఆడవాళ్ళు చూసే ఉంటారు. కానీ పోయినవాళ్ళ ఒంటి గుట్టు చెప్పకూడదన్నది వాళ్ళ నియమం.

భుజం గాయం ఎప్పుడో మానిపోయింది. అయినా చాసిబ్ బంధువులు కూడి తేల్చారు: చంపింది లఫ్తా గుండే. ఒకే ఇంట్లో రెండోసారి.

అయిదోసారి మందు ఎక్కించే రోజు పొద్దున చాసిబ్ ఆసుపత్రి వార్డులోకి వచ్చాడు. సూది చేతికి ఉండగానే తిస్వాహిన్‌ను తలగుడ్డ పట్టి లాగాడు. గుడ్డ ఊడొచ్చి నున్నటి తల బయటపడితే, మెడ పట్టి ఈడ్చాడు. సూది ఊడి నెత్తురు నేలంతా గీత గీసింది. వార్డులో ఆడవాళ్ళు లేచారు. సగం మందికి తలమీద వెంట్రుక లేదు, కొందరి చేతుల్లో ఇంకా గొట్టాలున్నాయి. చెప్పులతో, చెంబులతో, వేడి టీ ఫ్లాస్కుతో మీదపడ్డారు. అరవై ఏళ్ళావిడ ఒకామె అతని చెవి పళ్ళతో పట్టుకుంది. అతను పిస్తోలు తీసి పైకప్పులోకి కాల్చాడు. సున్నం పెళ్ళలు అందరి మీదా రాలాయి. కాపలావాళ్ళు ఏ కలుగులో దూరారో కనబడలేదు. చాసిబ్ చెవినుంచి నెత్తురు కార్చుకుంటూనే పెళ్ళాన్ని బండిలో పారేసుకుని పోయాడు.

"మా అమ్మ రక్తం తేలేదాకా ఇది గడప దాటదు!" అని కేకేసి మరీ పోయాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. తిస్వాహిన్‌ను గేదెల కొట్టంలో కట్టేశారని, జ్వరంతో ఉందని కబురొచ్చింది. మందు మధ్యలో ఆపితే జబ్బు పగబట్టి తిరిగొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. పదో రోజు, రెండు తెగలకూ తీర్పు చెప్పే షేక్ ముహైసిన్ ముదీఫ్‌లో పంచాయితీ అన్నారు. లఫ్తా తల ఇస్తారా, దానికి బదులు ఇంకేమిస్తారా అన్నది అక్కడ తేలుతుంది. అది ఎప్పటికి తేలేను? మా పెద్దలు టీ తాగడానికే మూడు రోజులు తీసుకుంటారు.

సబ్రియా ఆ రాత్రి పడుకోలేదు. ఒట్టు తప్పితే అబ్బాస్ కొడతాడు. తప్పకపోతే ఆ పిల్ల చస్తుంది. తెల్లారేసరికి ఆమె ఆయనతో తగువు ముగించుకుంది. కొట్టేదేదో నన్నే కొట్టు హజ్రత్ అబ్బాస్, అనుకుని బయల్దేరింది.

ముదీఫ్ అంటే రెల్లు మోపులు వంచి కట్టిన పొడుగాటి కచేరీ ఇల్లు. మగవాళ్ళది. తుపాకులు గుమ్మం బయట వదిలి లోపలికి పోవాలి. ఆ కప్పు కింద అతిథి మీద చెయ్యెత్తితే షేక్ మీద ఎత్తినట్టే. యాభైమంది మగవాళ్ళు రెండు వరసల్లో కూర్చుని ఉన్నారు. మధ్యలో నిప్పుల గుంట, ఇత్తడి కాఫీ కూజాలు, ఇనప పట్టకార్లు. సబ్రియా చెప్పులు విడిచి తిన్నగా లోపలికి నడిచింది.

"ఆడదాన్ని ఎవరు రానిచ్చారు?" అని ఎవరో లేచారు.

ఆమె షేక్ ముందు రెల్లు స్తంభాన్ని వాటేసుకుంది. "శరణు షేక్ ముహైసిన్! నీ కప్పు కిందికొచ్చా, నీ శరణు!"

శరణు అన్న మనిషి మాట వినకుండా తోసెయ్యడానికి ఎంత గొప్ప షేక్‌కైనా హక్కు లేదు. ముసలాయన జపమాల ఆపాడు. "చెప్పు తల్లీ. తొందరగా చెప్పి వెళ్ళు."

"మొదటిది. ఆ రోజు కాల్పులు జరపమని లఫ్తాకు చెప్పింది నేను."

ముదీఫ్‌లో గోల లేచింది. లఫ్తా అయోమయంగా చూశాడు. చాసిబ్ లేచి నిలబడ్డాడు.

"గోడమీద కాల్చమన్నా. తగలకూడనిచోట తగిలింది. ఆ పాపం నాది, దానికేం చేస్తారో చెయ్యండి. రెండోది. ఖజ్నా పోయింది గుండు వల్ల కాదు. భుజం రెండు నెలల్లో మానింది. ఆమెకు రొమ్ములో..."

"నోర్ముయ్!" అన్నారు పదిమంది ఒక్కసారే. చచ్చినదాని పేరూ ఆ మాటా ఒకే నోట, మగవాళ్ళ ముందు.

"రొమ్ము క్యాన్సర్" అంది సబ్రియా. "రెండేళ్ళకు పైగా కుళ్ళి..."

చాసిబ్ ఒక్క అంగలో నిప్పుల గుంట దాటాడు. చేతికందిన ఇనప పట్టకారుతో ఆమె మూతి మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు ఆమెకు తన తలలోపల వినిపించింది. రెండు పళ్ళు చాపమీద పడ్డాయి. రెండో దెబ్బ కంఠంకింద ఎముక మీద. ఇది నీ దెబ్బేనా హజ్రత్ అబ్బాస్ అనుకుంది. కిందపడింది గానీ స్తంభాన్ని వదల్లేదు. నెత్తురు మింగి, మాట సరిగా రాని నోటితో మళ్ళీ అదే మాట అంది. అతను మూడోసారి ఎత్తాడు.

షేక్ ముహైసిన్ లేచాడు. ఎనభై ఏళ్ళ మనిషి తన తలపాగా విప్పి నేలకేసి కొట్టాడు. ముదీఫ్ అంతా అక్కడికక్కడే బిగుసుకుంది.

"చాసిబ్, కొట్టింది దాన్ని కాదు. నా తాత కట్టిన కప్పుని, నా గడ్డాన్ని. శరణన్న ఆడదాని నెత్తురు నా చాపమీద పోశావు. ఇప్పుడు నీ తల్లి రక్తం నన్నెలా అడుగుతావు?"

"అబద్ధం చెప్తోంది షేక్! మా అమ్మ పరువు..."

"అబద్ధమైతే తేల్చు. జెండా తెండి."

హజ్రత్ అబ్బాస్ జెండా తెచ్చారు. ఆకుపచ్చ బట్ట, కొసన ముడులు. షేక్ దాన్ని నిప్పుల పక్కన నిలబెట్టాడు. "దీనిమీద చెయ్యెయ్. 'నా తల్లిని చంపింది గుండు, వేరే రోగం నాకు తెలియదు' అను. అంటే లఫ్తా తల నీది. ఈ ఆడదాని తల కూడా నీదే. నేనే పట్టుకుంటా, నువ్వు నరుకు."

చాసిబ్ జెండా దగ్గరికి పోయాడు. చెయ్యెత్తాడు. సబ్రియా నేలమీదనుంచి ఆ చెయ్యే చూస్తోంది. ఆ చెయ్యి బట్టకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. అందరూ ఎదురుచూశారు. నిప్పుల్లో ఏదో చిటపటమంది.

"అను" అన్నాడు షేక్.

చాసిబ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంత పెద్ద మనిషి మోకాళ్ళమీద పడ్డాడు.

"ఇనుము కాల్చింది నేనే" అన్నాడు. "రెండేళ్ళ పైచిలుకు... ప్రతి నెలా నేనే కాల్చిచ్చా. అరవకుండా నా బెల్టు కొరికేది. ఎవరికీ చెప్పకురా అనేది. చివర్లో నా చేతే కాల్పించుకుంది." తల చాపకేసి కొట్టుకుంటూ పసివాడిలా గుక్కపట్టాడు. ఆ ఏడుపు వినలేక మగవాళ్ళు తలపాగాల కొసలు మొహాలమీదికి లాక్కున్నారు.

రక్తం లేదు, బదులు లేదు అన్నాడు షేక్. పిల్ల ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి, నువ్వే తీసుకుపోవాలి అన్నాడు.

బండి చాసిబ్‌దే, నడిపిందీ చాసిబే. వెనక సీట్లో తిస్వాహిన్ జ్వరంతో మూలుగుతూ పడుకుంది. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గాయాలున్నాయి. ఆమె తల సబ్రియా ఒళ్ళో ఉంది. సబ్రియా దవడ కింద గుడ్డ కట్టి నెత్తిమీద ముడేశారు. ముందు సీట్లోవాడి మెడ చూస్తుంటే, దాన్ని రెండు చేతులా పట్టి పిసకాలని ఉంది ఆమెకు. జీవితంలో ఎవరినీ అంతగా అసహ్యించుకోలేదు. వీడికి ఏడుపు వచ్చినంత మాత్రాన ఈ పిల్ల వాతలు మానతాయా, తన పళ్ళు మొలుస్తాయా?

పట్నం వంతెన దాటాక చాసిబ్ బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగలేదు. అద్దంలో కూడా చూడలేదు.

"పిన్నీ" అన్నాడు. ఆ పిలుపు వాడి నోట అదే మొదలు. "మా అక్క బషీరా ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. మొన్న అమ్మ పోయిన రోజున... ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. తనకి కూడా..." బండి ఇంజను చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా ఆ మాట అన్నాడు. "రొమ్ములో గడ్డ ఉందంట. ఇనుము కాల్చిపెట్టమని అడిగింది. నేనేం చెయ్యాలి?"

సబ్రియా నోరు తెరవబోయింది. దవడ కదల్లేదు, నెత్తురు మాత్రం గుడ్డ దాటి గడ్డం కిందికి కారింది. చెయ్యి చాచి వాడి భుజం గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. వాడు దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె బండి కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో రాసింది: రేపు పొద్దున్నే తీసుకురా.